అద్దం మనకి, మూత లోకానికి

పికప్ బండికి సైడు అద్దం మూత మార్చడానికి సరైన ముహూర్తం, ఇంటిల్లిపాదీ పెళ్లికి బయల్దేరే ముందు అరగంట. ఆదివారం పూట తీరిగ్గా మొదలుపెట్టినవాళ్లంతా ఆలోచించి పనిచేసి పాడైపోయారు. "ఇంకా ఎంతసేపండీ?" అని గుమ్మంలోంచి కేక వినబడుతుంటే చేతికి వచ్చే చురుకుదనం ఏ పనిముట్టూ ఇవ్వదు. ఇదేదో విన్నమాట చెప్పడం కాదు. ఇప్పటికి రెండు మూతలు స్వయంగా మార్చాను. ఆ క్రమంలో మూడు గాజులు, ఒక మోటారు కూడా మార్చాల్సి వచ్చింది గనుక నా అనుభవం మూతల దగ్గరే ఆగిపోలేదని మనవి.

ముందు సిద్ధాంతం. సైడు అద్దానికి రెండు ముఖాలు. ఒకవైపు గాజు, ఇంకోవైపు మూత. గాజులో వెనకొచ్చే లారీ కనబడుతుంది, అదీ నా ఒక్కడికే. మూత అలా కాదు, ఎదురొచ్చే ప్రతివాడికీ కనబడుతుంది. తోడల్లుడికి, వియ్యంకుడికి, టోల్‌గేటు కుర్రాడికి కూడా. ఒక్కడు చూసేదాని మీద శ్రద్ధ పెట్టాలా, ఊరంతా చూసేదాని మీదా? బండ్లు తయారుచేసేవాళ్లు ఇంజనీర్లు కాబట్టి ఈ లెక్క వాళ్లకు తట్టలేదు. మోటారూ తీగలూ అన్నీ గాజు వెనక దాచిపెట్టి, మూతను మాత్రం ఏబీఎస్ ప్లాస్టిక్‌తో పోతపోసి, నాలుగు లాకులతో తగిలించి చేతులు దులుపుకున్నారు.

నా బండి శ్రీసిటీలో పుట్టిన ఇసుజు. ఆ జపాను కంపెనీ 2016లో అక్కడ ఫ్యాక్టరీ తెరిచింది. నేను సెకండ్ హ్యాండులో కొన్నాను. కొన్న నెలలోనే ఎడమ అద్దం మూత మీద జానెడు గీత పడింది. మా సందు మలుపులో ఒక గోడ ఉంది. ఆ గోడ ముప్ఫై ఏళ్లుగా అక్కడే ఉందని మా ఆవిడ వాదన. సరే, ఆ చర్చ ఇప్పుడెందుకు.

కొత్త మూత కొనేటప్పుడు కుడిఎడమల సంగతి చూసుకోవాలి. స్పేర్ పార్టుల లెక్కలో కుడి, ఎడమ అంటే డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తే వచ్చేవి. ఎడమదాన్ని ఎల్‌హెచ్ అనీ కుడిదాన్ని ఆర్‌హెచ్ అనీ అంటారు. మీరు మాత్రం సీట్లో కూర్చోవద్దు. బండికి ఎదురుగా, గుళ్లో దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడి నిర్ణయించండి. కొట్టువాడు "ఆర్‌హెచ్చేనా సార్, ఖాయమా?" అని రెట్టిస్తే, "నాకు కుడిచెయ్యి ఏదో తెలీదంటావా?" అని గదమాయించండి. ఇంటికొచ్చాక ఆ మూత గీత పడిన అద్దానికి పట్టదు. ఇక్కడే పిరికివాళ్లు వెనక్కిచ్చేస్తారు. కుడివైపు నిక్షేపంలా ఉన్న మూతను ఊడదీసి, ఆ స్థానంలో దీన్ని పెడితే పెట్టిన డబ్బు వృథా పోదు. గీత గీతలాగే ఉంటుంది, నిజమే. కానీ కొత్తది కొన్నాం, తగిలించాం, మాట నిలబెట్టుకున్నాం.

ఊడదీయడానికి ఆటోనగర్ మేస్త్రి ఒకాయన నాకో పద్ధతి చెప్పాడు. హెచ్చరికగా ఉంటుందని ఇక్కడ చెబుతున్నాను. గాజు పైఅంచు లోపలికి పోయేలా స్విచ్చితో పూర్తిగా వాల్చాలట. అప్పుడు కిందంచు దగ్గర సందు దొరుకుతుంది. అంచులకు మాస్కింగ్ టేపు అంటించి, ఆ సందులో ప్లాస్టిక్ బద్ద దూర్చి, వేళ్లు వెనక్కి పోనిచ్చి సమంగా లాగితే, మోటారు పళ్లెం మీది క్లిప్పుల్లోంచి గాజు మెల్లగా బయటికొస్తుందట. దాని వెనక తీగలుంటే కనెక్టరు చెవి నొక్కి విడదీయాలి, తీగ పట్టుకుని లాగకూడదు. ఇక మూత లాకులు లోపల్నుంచి కనబడతాయి. ఒక్కొక్కదాన్నే నొక్కుతూ మూతను ముందుకు నెడితే అదే ఊడొస్తుంది. బండిని బట్టి కొంచెం తేడాలుంటాయిగానీ వరస ఇదే అన్నాడు. పదిహేను నిమిషాల పనట. పదిహేను నిమిషాల్లో గొడవ లేకుండా అయిపోయే పనికి చుట్టాల్లో ఏం విలువుంటుంది?

నా పద్ధతికి పెద్ద స్క్రూడ్రైవరొకటి చాలు. గాజు జోలికి పోకుండా బయటి నుంచే, మూతకీ అద్దం డొప్పకీ మధ్య గీతలాంటి సందులో దాన్ని దింపి, తాటికాయ కొట్టేవాడిలా చెయ్యి బిగించి ఎత్తాలి. చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది గనుక డిసెంబరు తెల్లవారుజాము మంచిది. వీలైతే బండిని లంబసింగి తీసుకెళ్లండి. ఎండలో కాసేపు పెట్టాలనీ, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో గోరువెచ్చగా చెయ్యాలనీ చెప్పేవాళ్ల మాట వినకండి. లాకు ఊడినప్పుడు వచ్చే చప్పుడూ, విరిగినప్పుడు వచ్చే చప్పుడూ ఒకటే, "టక్". వినబడ్డ ప్రతి టక్కునీ విజయం కిందే రాసుకోండి. నేను నాలుగు టక్కులు విన్నాను. అయిదోది మోటారుది.

మూత కింద ఇండికేటరు దీపం ఉంటే దానికో తీగ ఉంటుంది. అది మన సహనాన్ని పరీక్షించడానికే పెట్టారు. పట్టుకుని ఒక్క గుంజు గుంజండి. ఆ తర్వాత మలుపు తిరగాలంటే దీపం వెలగదు. చెయ్యి బయటపెట్టి ఊపితే సరి. మన తాతలు ఎడ్లబండి మీద పట్నాలకు పోయి రాలేదా?

గాజు పగిలితే కంగారొద్దు. మొదటిది పగిలినప్పుడు నేనూ కంగారుపడి కంపెనీదే కొన్నాను. రెండోది పగిలేసరికి తెలివొచ్చి ఫోటో ఫ్రేముల కొట్టులో చదునైన అద్దం కోయించుకున్నాను. కంపెనీ గాజు కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఎక్కువ మేర కనబడాలని అలా చేస్తారు. దానివల్ల వెనక బండ్లు చిన్నవిగా, దూరంగా ఉన్నట్టు తోస్తాయి. కనబడేదానికన్నా దగ్గరగానే ఉన్నాయి నాయనా అని గాజు మీదే హెచ్చరిక కూడా రాస్తారు. తనే అబద్ధం చెప్పి తనే సరిదిద్దుకునే సరుకు మనకెందుకు? ఫోటో ఫ్రేము అద్దంలో ఏదెంత ఉందో అంతే కనబడుతుంది. పక్కన దూసుకొచ్చే స్కూటరు మాత్రం అందులోకి రాదు. రానిదాని గురించి హెచ్చరిక రాయక్కర్లేదు కదా.

ఇక రంగు. మేస్త్రి దీనికో పెద్ద పురాణం విప్పాడు. బండికి అంటించిన రేకుపలక మీద రంగు నంబరు చూసి కలిపించాలట. మూతను ఆరువందల నంబరు వాటర్ పేపరుతో రుద్ది, ప్లాస్టిక్ ప్రైమరు కొట్టి, పల్చగా మూడు నాలుగు కోట్లు వేస్తూ మధ్యలో ఆరనిచ్చి, పైన క్లియర్ కోటు వెయ్యాలట. పెళ్లికూతురికి కూడా ఇంత అలంకారం ఉండదు. మా గేటుకి వేయగా మిగిలిన సిల్వర్ డబ్బా ఒకటి అటక మీద ఉంది. ప్రైమరు లేకుండా ఒకే దళసరి కోటు పట్టించాను. కిందికి జారి, అంచున బొట్లుబొట్లుగా గడ్డకట్టింది. రెండో వారానికి గోరు పెడితే తోలులా లేచొచ్చింది. పిల్లలకు కాలక్షేపం.

అది చూశాక రంగుల గొడవ మానేసి, పాత మూత పైన అంటించే క్రోం తొడుగులు కొన్నాను. వెనక ఎర్ర కాగితం ఉన్న టేపు ఉంటుంది. అంటించే చోటును స్పిరిట్‌తో తుడిచి, గట్టిగా అదిమి, ఒక రోజంతా నీళ్లు తగలనివ్వకూడదని డబ్బా మీద బొమ్మలు కూడా వేశారు. నాకు మాత్రం మూత ముందు మెరవాలి. కొబ్బరినూనెతో నిగనిగలాడేలా తుడిచి, దాని మీద అంటించి, వెంటనే బండి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, జాతీయ రహదారి 16 ఎక్కి చెన్నై వైపు బయల్దేరాం. తడ దాకా బాగానే ఉంది. అక్కడ ఎడమ తొడుగు గాల్లోకి లేచిపోయింది. శ్రీసిటీకి తిరిగే దారి అక్కడే. పుట్టిల్లు గుర్తొచ్చినట్టుంది పాపం, నేను ఆపలేదు.

మిగిలినవాటిని నిలబెట్టడానికి గమ్ము ట్యూబులు వాడాను. చుక్క వేస్తే చాలని దాని మీద రాసుంటుంది, కానీ మనం కొన్నది ట్యూబు. లాకులు విరిగిపోయిన చోటల్లా, సందు కనబడ్డచోటల్లా పిండాను. చుట్టూ తెల్లటి బూడిదపొర కమ్మింది, అదొక డిజైను అనుకోవచ్చు. కొంత కారి అద్దం మడిచే కీలులోకి పోయింది. ఏదైనా తగిలితే విరక్కుండా వెనక్కి మడుచుకోవడానికి పెట్టిన కీలు అది. ఇక మడవదు. ఎంత ధీమాగా నిలబడిందో! మా సందు గోడ కూడా అంతే ధీమాగా నిలబడింది. ఆ సాయంత్రం ఎడమ అద్దం గాజుతో, మోటారుతో సహా వెళ్లిపోయింది. మూత మాత్రం చెక్కుచెదరలేదు. అంతకుముందే ఊడి సీట్లో ఉంది.

అద్దం పోతే పోయిందనుకోవడానికీ చరిత్రలో ఆధారం ఉంది. 1911లో అమెరికాలో ఇండియానాపొలిస్ 500 మైళ్ల కారు పందెం మొదటిసారి జరిగింది. అప్పటి రేసు బండ్లలో డ్రైవరు పక్కన మెకానిక్కు ఒకడు కూర్చుని, వెనక ఎవరొస్తున్నారో చెబుతుండేవాడు. రే హారూన్ ఆ మనిషిని వద్దనుకుని, తన మార్మన్ వాస్ప్ బండికి అద్దం బిగించుకుని వెళ్లి గెలిచాడు. ఇటుకలు పరిచిన ఆ ట్రాకు మీద అద్దం అదిరిపోయి తనకేమీ కనబడలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడంటారు. చూశారా, ఆయనకి కూడా అద్దం చూడ్డానికి కాదు, ఉండడానికే.

నేను ఆయన చేసినదాన్ని తిరగేశాను. అద్దాన్ని వద్దనుకుని మనిషిని కూర్చోబెట్టాను. ఎడమ సీట్లో మా బావమరిది ఉంటాడు. ఒళ్లో ఆ ఊడిన మూత పెట్టుకుని, ఊళ్లు వచ్చినప్పుడు దాన్ని కిటికీలోంచి బయటికి పట్టుకోవడం కూడా అతని బాధ్యతే. దారిలో రెండు టిఫిన్లు, ఒక భోజనం నా ఖర్చు. మొన్న నాయుడుపేట దాటాక లారీని తప్పించబోతూ అడిగాను.

"ఏరా, వెనకేమన్నా వస్తోందా?"

"వస్తోంది బావా."

"ఏం వస్తోంది?"

"వెళ్లిపోయింది."