నాకు ఉప్పందింది

హైదరాబాదులో ఉద్యోగం మానేసి స్టార్టప్ పెట్టానని ఫోన్లో చెబితే మా అప్ప ఒకటే అడిగింది.

"ఉద్యోగం పోనాదేటిరా?"

పోలేదు, నేనే మానేశానన్నాను. ఆ రెంటికీ తేడా ఏమిటో తనకి అర్థం కాలేదు. ఆర్నెల్లు తిరిగేసరికి నాకూ అర్థం కాలేదు.

"ఏటి అమ్ముతావు మరి?"

"ఉప్పు."

అవతల చాలాసేపు మాట లేదు. టెక్కలి చుట్టుపక్కల ఎవరినడిగినా నౌపడ అంటే ఉప్పే. ఆ ఉప్పు మడుల గట్ల మీద పెరిగినవాణ్ణి మళ్ళీ మడిలో దిగకూడదని అప్ప పట్టుబట్టి ఇంజనీరింగ్ చదివించింది. నేను నాలుగేళ్ళు చదివి, పదేళ్ళు ఉద్యోగం చేసి, ఏసీ గదిలో కూర్చుని ఉప్పు కనిపెట్టాను.

ఆలోచన మాత్రం బ్రహ్మాండం. ఆవకాయ రోజుల్లో నగరంలో మనవాళ్ళు మంచి కల్లుప్పు కోసం వెతుక్కుంటారు. యాప్‌లో నొక్కితే నౌపడ మడి నుంచి నేరుగా గుమ్మంలోకి. మధ్యలో దళారులుండరు, ఎందుకంటే ఆ దళారులం మేమే. కంపెనీ నినాదం "ఉప్పందిస్తాం". ఆ మాటకి రెండర్థాలున్నాయని లోకంలో మేమే మొదట కనిపెట్టినట్టు పొంగిపోయి, టీ షర్టుల మీద అచ్చేయించాం. ఒక్క బస్తా ఉప్పు కొనకముందే నలభై టీ షర్టులు కొన్నాం. పెట్టుబడి పెట్టే పెద్దమనిషి మార్కెట్ ఎంతన్నాడు. ఉప్పు తిననివాడు దేశంలో లేడు సర్ అన్నాను. ఆయన ముచ్చటపడి పద్దెనిమిది నెలలకి సరిపడా డబ్బిచ్చాడు.

అయిదు నెలలు యాప్ తయారుచేసి, అప్పుడు నౌపడ వెళ్ళాను, సరుకు చూడ్డానికి.

మా మావ నలభై ఏళ్ళుగా ఉప్పు చేయిస్తున్నాడు. గట్టు మీద లాప్‌టాప్ తెరిచాను. పైన ఎండ, చుట్టూ తెల్లటి మడులు. తెర మీద నా మొహం తప్ప ఏమీ కనబడలేదు. గ్రాఫులన్నీ నోటితోనే చెప్పాను. ఆకాశంలోకి ఎగబాకే గీతని చేత్తో కూడా చూపించాను. మావ అంతా విని, "అయొడీన్ కలుపుతావేటి?" అన్నాడు.

"లేదు మావా. సహజం. అదే మన ప్రత్యేకత."

"మరి తినే ఉప్పని ఎలాగమ్ముతావు? కలపని ఉప్పు తిండికి అమ్మకూడదని 2006లోనే ఒచ్చీసినాది కదరా."

పన్నెండు స్లైడుల్లో ఈ సంగతి ఎక్కడా లేదు. పైగా, దేశంలో ఉప్పు సంగతులన్నీ చూసే కమిషనరు గారి ఆఫీసు జైపూర్‌లో అని మావ అంటే, ఎడారి ఊళ్ళో ఉప్పేమిటని నవ్వాను కూడా. ఆ పక్కనే సాంభర్ సరస్సు ఉందనీ, అక్కడ ఎప్పట్నుంచో ఉప్పు పండుతోందనీ ఆయనే చెప్పాడు. లోకజ్ఞానం కోసమే నేను హైదరాబాదు వెళ్ళింది.

తర్వాత మడిలోకి తీసుకెళ్ళాడు. తువ్వాలు మడతల్లోంచి ఒక గాజు గొట్టం తీశాడు. అడుగున సీసం గుళ్ళు, పైన సన్నటి మెడ మీద గీతలు. నీళ్ళలో వదిలితే నిటారుగా తేలుతుంది. నీరు చిక్కబడేకొద్దీ పైకి లేస్తుంది. కాలవలోంచి వచ్చే సముద్రపు నీరు మూడు డిగ్రీలు చూపిస్తుంది. దాన్ని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్ళిస్తూ ఎండబెడుతూ పోతే ఎన్నో రోజులకి ఇరవై అయిదుకి వస్తుంది. అప్పుడు ఉప్పు పడుతుంది. అలాగని వదిలేస్తే ముప్ఫైకి చేరేసరికి మెగ్నీషియం కూడా దిగబడి ఉప్పు చేదెక్కుతుంది. అంతకుముందే మిగిలిన నీళ్ళు తోడి పారబోయాలి. మా ఆఫీసులో గోడంత తెర మీద పధ్నాలుగు అంకెలు రాత్రింబవళ్ళు మారుతూ ఉండేవి. ఏ అంకె దగ్గర ఏం చెయ్యాలో మాలో ఎవరికీ తెలియదు.

"నీ కంపెనీ ఎన్ని డిగ్రీలకొచ్చినాదిరా?" అన్నాడు మావ. మూడే అని చెప్పడానికి మొహం చెల్లలేదు.

పని సంస్కృతి మీద కూడా నేనక్కడ ఉపన్యాసం ఇవ్వబోయాను. మా దగ్గర కూర్చుంటే కూరుకుపోయే సంచీ కుర్చీలున్నాయి, ఎప్పుడైనా రావచ్చు, ఎప్పుడైనా పోవచ్చు. ఇక్కడ ఎండే మేనేజరు. తెల్లారకముందే దిగి, పొడుగు కర్రకి పలక బిగించిన పనిముట్టుతో ఉప్పు గట్టుకి లాగుతారు. పొద్దెక్కితే ఆ తెలుపు మీద కళ్ళు నిలవవు. ఒకావిడ గట్టు మీద కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటోంది. పాదాల నిండా పగుళ్ళు, ఆ పగుళ్ళలో ఉప్పు. నా ఉపన్యాసం అక్కడితో ఆగింది.

తిరుగు ప్రయాణంలో మావ స్టేషన్ దాకా వచ్చాడు. బండి ఆలస్యం కాబట్టి నాకొక కథ దక్కింది. నౌపడ నుంచి పర్లాకిమిడికి పాతిక మైళ్ళ రైలు వేయించింది రాజా గౌరచంద్ర గజపతి. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు, ఖర్చు 7 లక్షలు. మొదటి బండి కదిలింది 1900 ఏప్రిల్ 1న. మొదలెట్టడానికి అదేం రోజో నాకు తెలీదు గానీ, 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్ళి మా నౌపడ మద్రాసు వైపే ఉండిపోయిందీ ఏప్రిల్ 1నే. ఆ రైలుకి 1910 దాకా నష్టాలే. లాభాలు గట్టిగా కనబడేసరికి 1924 దాటింది. ఆ తర్వాతే పట్టాలు గుణుపూరు దాకా సాగాయి, అదీ 1929లో కొంత, 1931లో కొంత.

నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా మావా, పదేళ్ళు నష్టమొచ్చినా ఆపలేదు!"

"రాజుగోరి డబ్బు రాజుగోరిది. నీ దగ్గరున్నది నీదేటి?"

హైదరాబాదు వెళ్ళాక దిశ మార్చాం. దీన్ని మా భాషలో పివట్ అంటారు. దారి తప్పామని ఒప్పుకోకుండా చెప్పే పద్ధతి. ఎండుచేపలకి అయొడీన్ అక్కర్లేదు కదా అని భావనపాడు జాలర్లకి యాప్ చూపించాం. వాళ్ళు ఎప్పట్నుంచో మావ దగ్గరే ఉప్పు పట్టుకెళుతున్నారు, చేపలు అమ్ముడయ్యాక డబ్బిస్తారు. మా యాప్‌లో ఎనిమిది రకాల చెల్లింపులున్నాయి, అరువు ఒక్కటే లేదు. చివరికి అయొడీన్ కలిపించి, అందమైన కాగితం సంచుల్లో నింపి అమ్మాం. అప్పటికి వానలు పడ్డాయి. ఆషాఢంలో ఉప్పు ఆర్డరిచ్చినవాళ్ళకి తడిసి చిరిగిన సంచీ, అందులో కాస్త ఉప్పునీరు చేరాయి. ఒకావిడ అయిదుకి ఒక చుక్క వేసి, "సముద్రం పంపినందుకు థాంక్స్" అని రాసింది.

పద్దెనిమిదో నెల నిండకుండానే తలుపులు మూశాం. సంచీ కుర్చీలు ఎవరో కొనుక్కున్నారు. నలభై టీ షర్టులు మాత్రం ఎవరూ కొనలేదు. మూట కట్టి అప్పకి పంపించేశాను.

మొన్న వేసవిలో ఊరెళితే తెల్లవారుజామున మడుల్లో వరసగా వంగి ఉప్పు లాగుతున్నవాళ్ళు కనబడ్డారు. వీపుల మీద పెద్దక్షరాలతో "ఉప్పందిస్తాం" అని ఉంది.

పోయిన వారం అప్ప ఫోన్ చేసింది. "ఆ చొక్కాలు మరేటైనా మిగిలినాయేటిరా? ఇంకో పదిమంది అడుగుతున్నారు."

మా కంపెనీకి రెండోసారి ఆర్డరు రావడం అదే మొదలు.