‘శామీర్‌పేట రాంగనే లేపు’: సటీక తాత్పర్యం

అవతారిక: తెల్లవారుజామున సిద్దిపేటలో బస్సెక్కిన ఒక ప్రయాణికుడు, ప్లాటు గొడవ మీద కలెక్టరేటుకు పోవుచు, కన్నులు మూతపడుచుండగా కండక్టరునకు ఇట్లు విన్నవించుకొనుచున్నాడు.

మూలం: జర శామీర్‌పేట రాంగనే లేపు అన్నా.

ప్రతిపదార్థం: అన్నా = ఓ కండక్టరూ; జర = కొంచెము దయయుంచి; శామీర్‌పేట = తుర్కపల్లి దాటినాక, తూంకుంటకు ముందు వచ్చు ఊరు (జిల్లా పేరు మేడ్చల్–మల్కాజ్‌గిరి అయినను కలెక్టరేటు ఈ మండలమందే, అంతాయిపల్లిలో కలదు); రాంగనే = వచ్చిన తక్షణమే, అల్వాల్ వచ్చినాక కాదని భావము; లేపు = మేల్కొలుపుము.

తాత్పర్యం: స్పష్టము.

విశేషాలు: స్పష్టమని పూర్వ వ్యాఖ్యాతలు చేతులు దులుపుకున్నారు గాని, అసలు చిక్కంతా సంబోధనలో ఉంది. టికెట్ మిషన్ పట్టుకున్న అన్న ఎంత అరిచినా ఆ అరుపు చెవిదాకే. చెవి నుంచి మెదడు పైపొరకు చేరాలంటే లోపల ఇంకో కండక్టరు ఒప్పుకోవాలి. ఆయన పేరు థలామస్. కాబట్టి ‘అన్నా’ అనేది శ్లేష.

ఈ రెండో అన్న నివాసం మెదడు నడిమధ్య. ఘనపూర్ వైద్య కళాశాలలోనైనా మరెక్కడైనా, మొదటి ఏడాది పిల్లలు ఫార్మలిన్‌లో ఊరిన మెదడును అడ్డంగా కోస్తే మధ్యలో సన్నటి చీలిక కనబడుతుంది. అది మూడో జఠరిక. దానికి అటొకటి ఇటొకటి, గుడ్డు ఆకారంలో, సుమారు 3 సెంటీమీటర్ల పొడవున బూడిదరంగు ముద్దలు. చాలామందిలో రెంటినీ కలుపుతూ చిన్న వంతెన ఉంటుంది. అది లేనివాళ్లూ నిక్షేపంగా బతుకుతారు. ముద్ద లోపల ‘వై’ ఆకారపు తెల్లటి పొర ఒకటి దాన్ని వాటాలుగా పంచుతుంది. కంటి కబురు, చెవి కబురు వెనకవైపున్న రెండు జెనిక్యులేట్ గుబ్బలకు వస్తాయి: కంటిది బయటి గుబ్బకు, చెవిది లోపలి గుబ్బకు. ఒంటి స్పర్శకు ఒక చోటు, ముఖానికి దాని పక్కనే మరో చోటు. వాసన ఒక్కటే ఈయన దగ్గర టికెట్ కొట్టించుకోకుండా పైపొరకు పోతుంది. ఆ పిల్లలకు థలామస్ కంటే ముందు ఫార్మలిన్ ఘాటు తగిలేది అందుకేనా అంటే, కాదు. అది డబ్బా మూత తీయడం వల్ల.

పూర్వపక్షం: థలామస్ వచ్చిన కబురును వచ్చినట్టే పైకి పంపే రిలే కేంద్రమని చాలా పాఠ్యపుస్తకాల మాట. దీన్ని ఒప్పుకోలేం. కంటి వాటా గుబ్బలో ఉన్న నాడీ సంధానాల్లో కంటి నుంచి వచ్చేవి పదోవంతు దాపు మాత్రమే. పైపొర నుంచి కిందికి దిగేవి అంతకంటే చాలా ఎక్కువ. అంటే ఏది పంపాలో ఈయనకు పైనుంచి ఎడతెగని ఆదేశాలు. పైగా ఉత్త దారే అయితే, తెగితే స్పర్శ పోయి ఊరుకోవాలి. 1906లో డెజెరీన్, రూసీ అనే ఫ్రెంచి వైద్యులు వర్ణించిన రోగుల్లో థలామస్ దెబ్బతిన్నాక, మొద్దుబారిన ఆ పక్కనే భరించరాని నొప్పి మొదలైంది. అలాంటివారిలో కొందరికి దుప్పటి తగిలినా మంటే.

ఇక నిద్ర. థలామస్ బయటి పక్కన రెటిక్యులర్ కేంద్రకమని పలచటి పొర ఉంది. ఇది పైపొరకు ఒక్క మాటా పంపదు. లోపలి కణాలను అణచడమే దీని పని. కునుకు పట్టాక ఈ పొర లయ వల్లే ఈఈజీ కాగితం మీద సెకనుకు 11 నుంచి 16 సార్లు కొట్టుకునే అలల గుత్తులు కనబడతాయి. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో ఫ్రాన్సిస్ క్రిక్ పేరు తెలియనివారుండరు. డీఎన్ఏ నిర్మాణం తేల్చినవారిలో ఒకరైన ఆయన 1984లో రాసింది మాత్రం డీఎన్ఏ మీద కాదు, ఈ పొర మీద. మన ధ్యాస ఎటు తిరగాలో తేల్చేది ఇదేనేమోనని.

నిద్రలో థలామస్ తలుపు పూర్తిగా మూసుకుంటుందని ఒక మతం. శబ్దం పైపొరదాకా వస్తూనే ఉంటుంది, దాన్ని అందుకుని చదివేవాళ్లే ఉండరని మరో మతం. ఇటీవలి ప్రయోగాలు రెండో పక్షానికే ఎక్కువ బలమిస్తున్నాయి. ఈ టీకాకారుడి మొగ్గూ అటే.

శంక: వాసనకు టికెట్ అక్కర్లేదన్నారు గదా, పక్కవాడు ఉల్లిగడ్డ మిర్చి పొట్లం విప్పితే చాలదా? చాలదు. 2004లో అమెరికాలో నిద్రపోతున్నవాళ్ల ముక్కు దగ్గర పుదీనా నుంచి కంపుకొట్టే పిరిడీన్ దాకా పెట్టి చూశారు. గాఢనిద్రలో ఉన్నవాళ్లు దాదాపు కదలలేదు. శబ్దానికి లేచారు.

పాఠాంతరం: కామారెడ్డి బస్సుల్లో ‘మేడ్చల్ రాంగనే’ అని. రోడ్డు మారింది, నిద్ర మారలేదు.

దోషం: మూలంలో ప్రయాణికుడు తన పేరు (యాదగిరి అనుకుందాం) చెప్పలేదు. 1960లో ఇంగ్లండులో జరిగిన ప్రయోగంలో నిద్రపోయేవాళ్లు వేరే పేర్లకంటే తమ పేరుకే ఎక్కువగా కదిలారు. కనుక ‘శామీర్‌పేట, శామీర్‌పేట’ అని బస్సంతా అరవడం కండక్టరు గొంతుకు చేటు. ‘జర శామీర్‌పేట రాంగనే యాదగిరీ అని పిలువు అన్నా’ అని పాఠం సవరించుకోవాలి. బస్సులో ఇంకో యాదగిరి ఉండి, అతనూ ఉలిక్కిపడి లేచి సంచి పట్టుకుని దిగిపోతే టీకాకారుడికి సంబంధం లేదు.