జెడ్ ఊరి కుర్రాడికి నగరం కావలెను

ఇంజనీరింగ్ అయిపోయి, ఆఫర్ లెటర్ ఫోన్లో పడ్డ కుర్రాడు ఈ రోజుల్లో పెళ్లిసంబంధం కన్నా శ్రద్ధగా వెతికేది నగరాన్ని. గది అద్దె ఎంత, మెస్సు ఎంత, ఆఫీసుకి ఆటో ఎంత, ఆదివారం బిర్యానీ ఎంత అని ఎక్సెల్ షీటు వేస్తాడు. టెక్కలిలో చదివి, కవిటిలో ఇల్లున్న మా శ్రీకాకుళం ఉద్దానం కుర్రాడూ అంతే. వాడి షీటులో అయిదు గళ్లుంటాయి: హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, విశాఖపట్నం, భువనేశ్వర్. ఆరో గడిలో పలాస అని రాయరా బాబూ అంటే నవ్వుతాడు. నవ్వకూడదు. లెక్కలు కట్టి చూస్తే అంత చవకైన ఊరు వాడికి మరోటి దొరకదు. ఇల్లు సొంతం, అద్దె సున్నా, మెస్సులో వంట అమ్మది, బిల్లు నాన్నది.

ఊళ్ల ఖరీదు గురించి కేంద్ర ప్రభుత్వానికి ఎప్పుడో ఒక నిశ్చితాభిప్రాయం ఏర్పడిపోయింది. తన ఉద్యోగులకు ఇంటద్దె భత్యం లెక్కగట్టడానికి దేశంలో ఊళ్లన్నిటినీ ఎక్స్, వై, జెడ్ అని మూడు రకాలుగా ఏరిపెట్టింది. మూలవేతనం మీద ఎక్స్ నగరంలో 30 శాతం, వైలో 20, జెడ్‌లో 10. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ఎక్స్. విశాఖ, భువనేశ్వర్ వై. పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం జెడ్. కాశీబుగ్గ జీడి వ్యాపారులకు ఈ పద్ధతి విడమరచి చెప్పక్కర్లేదు. వాళ్లూ పప్పుని 180, 210, 240, 320 అని ఏరతారు. పౌనుకి ఎన్ని గుళ్లు తూగితే అది నంబరు, నంబరు పెరిగేకొద్దీ ధర దిగుతుంది. కాకపోతే జీడిపప్పుని ఏరే మనిషి ఒక్కసారైనా దాన్ని చేత్తో పట్టుకు చూస్తుంది. ఊళ్లని మాత్రం జనాభా చూసి ఏరేశారు. 50 లక్షలు దాటితే ఎక్స్, 5 లక్షల లోపైతే జెడ్. 2011 జనగణనలో పలాస-కాశీబుగ్గ జనం సుమారు 57 వేలు. జెడ్ తర్వాత అక్షరాలు లేవు కాబట్టి అక్కడితో ఆగాం.

ఖరీదు సరే, సుఖం మాటేమిటి? దానికీ ఢిల్లీలో ఒక పట్టిక ఉంది. జీవన సౌలభ్య సూచిక అని 2021 మార్చిలో 111 నగరాలకు మార్కులు వేశారు. పది లక్షల జనాభా దాటిన నగరాల్లో మొదటి ర్యాంకు బెంగళూరుది. అంతకన్నా చిన్నవాటిలో భువనేశ్వర్ రెండోది, మన కాకినాడ నాలుగోది. కాకినాడ కాజాకి చాలాకాలానికి సర్కారీ గుర్తింపు దొరికిందని సంతోషించాను. పలాస పేరు ఎక్కడా లేదు. తప్పామా అంటే తప్పలేదు, అసలు హాల్ టికెట్టే రాలేదు.

మూడేళ్లు తిరిగేసరికి, 2024 మార్చిలో, దేశంలోకెల్లా సుఖంగా బతకదగ్గ ఆ బెంగళూరులో బోర్లు ఎండిపోయాయి. తాగే నీళ్లతో కారు కడిగితే 5 వేల రూపాయల జరిమానా అన్నారు. అపార్ట్‌మెంట్ల ముందు ట్యాంకరు కోసం ఇంజనీర్లు కాపు కాశారు. ఈ కబురు టీవీలో చూసిన ఉద్దానం తల్లులు పెద్దగా ఆశ్చర్యపోలేదు. కొడుకు ఏ నగరం పేరు చెప్పినా వాళ్లు జీతం అడగరు, మెట్రో అడగరు. "నీల్లు ఎలాగున్నాయిరా అక్కడ?" అనే అడుగుతారు.

ఎందుకడుగుతారో దేశానికి కొంత తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా మూత్రపిండాలు చెడిపోతున్నాయి. నీళ్లన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, పురుగుమందులన్నారు. దేశవిదేశాల నుంచి నిపుణులు వచ్చి సీసాల్లో రక్తమూ నీళ్లూ పట్టుకెళ్లారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి 700 కోట్లతో గొట్టాలు వేసి నీళ్లు తెచ్చారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం కట్టి 2023 డిసెంబరు 14న ఒకేరోజు అన్నిటికీ రిబ్బన్లు కత్తిరించారు. అంతకుముందు పెద్ద వైద్యం కావాలంటే రెండు వందల కిలోమీటర్లు విశాఖ పరుగెత్తాల్సిందే. డయాలసిస్ రోగికి సర్కారు నెలకు 10 వేలు పింఛను ఇస్తోంది. బట్టలకొట్లో కుదిరిన డిగ్రీ కుర్రాడిని, నీ జీతం ఆ అంకె దాటడానికి ఎన్నేళ్లు పట్టిందని అడిగి చూడండి. ఉద్దానంలో నెలనెలా ఠంచనుగా వచ్చే ఆదాయానికి అర్హత పరీక్ష ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అందుచేత మన కుర్రాడి ఎక్సెల్ షీటులో ఒక చిక్కుంది. అద్దె లేని ఇల్లు, పెరట్లో కొబ్బరిబోండం, వారానికి రెండు మూడుసార్లు నాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్లే ఆటో. మొదటి రెండింటినీ ఆదా కింద రాశాడు. మూడోది ఏ గడిలో రాయాలో తెలియక ఖాళీ వదిలాడు. చవక నగరం సలహాలు ఇచ్చేవాళ్లంతా ఒంటరి మనిషిని ఊహించుకుని చెబుతారు. మావాడికి నగరం తనొక్కడికి సరిపోతే చాలదు, రెండిళ్లకు సరిపోవాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు తాత నాటిన కొబ్బరిచెట్లు, జీడితోట నేలకొరిగాయి. మళ్లీ నాటిన మొక్క కాపుకొచ్చేదాకా ఎవరో ఒకరు ఎక్కడినుంచో ఒక చోటనుంచి డబ్బు పంపుతూ ఉండాలి. ఆ ఎవరో ఒకడే మన యువ వృత్తినిపుణుడు.

సరే, బెంగళూరే ఖాయం చేసుకున్నాడనుకుందాం. ఇల్లుగలాయన పది నెలల అద్దె అడ్వాన్సుగా పెట్టమంటాడు. అక్కడ అది పాత ఆచారం. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం మాత్రం రెండు నెలలకు మించి తీసుకోకూడదంటుంది. నమూనా అన్నారు కాబట్టి ఇళ్లవాళ్లు దాన్ని నమూనాగానే ఉంచారు. కుర్రాడు ఫోన్ చేసి ఈ సంగతి చెబితే కవిటిలో నాన్నకి అర్థం కాదు. "ఏటీ? పది నెల్ల అద్దె ముందే కట్టీయాలా? ఇల్లు అద్దెకిత్తన్నాడా, అమ్మీత్తన్నాడా?" ఆదాయపు పన్ను వారి దృష్టిలో మాత్రం దశాబ్దాల పాటు బెంగళూరు, హైదరాబాదు మెట్రోలే కావు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే 50 శాతం మినహాయింపు ఉండేది, మిగతా ఊళ్లన్నిటికీ 40. ఆ లెక్కన బెంగళూరు మారతహళ్లి, మన మందస ఒకే కోవ. కోవా మాత్రం మందసలోనే బాగుంటుంది.

బెంగళూరు వద్దు, ఇంటికి దగ్గర విశాఖ అని కొందరు. బుద్ధిమంతులే. దేశంలో నిజంగా చవకైన నగరం ఏదో కనిపెట్టినవాళ్లు కూడా విశాఖనే ఎంచుకున్నారు. కాకపోతే వాళ్లు యువకులు కారు, కంపెనీలు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం రుషికొండ ఐటీ కొండ మీద 21.16 ఎకరాలను టీసీఎస్‌కి 99 పైసలకు కేటాయించింది. ఉద్యోగాలు వస్తాయి, రావాలి, నాకేమీ అసూయ లేదు. ఒక్క సందేహం మాత్రం ఉంది. అదే కొండ కింద మధురవాడలో మన కుర్రాడికి ఒక పడకగది ఇల్లు ఏ ధరకి ఇస్తారు? రూపాయిచ్చి పైసా చిల్లర ఉంచుకోండి అనే అవకాశం వాడికీ దొరికితే ఎక్సెల్ షీటు కట్టేద్దుము.

2020లో మాత్రం ఒక అద్భుతం జరిగింది. కరోనా పుణ్యమా అని ఆఫీసులు మూసేసి, ఇంటి నుంచే పని చేయండి అన్నారు. మావాళ్లు ఎక్స్ నగరాల గదులు ఖాళీ చేసి జెడ్ ఊళ్లో దిగారు. డాబా మీద సిగ్నలు వచ్చే మూల ఎక్కడుందో ఊరందరికీ తెలిసింది. మీటింగులో అమెరికా మేనేజరు మాట్లాడుతుంటే వెనక కోడి కూసేది. జీతం గచ్చిబౌలిది, ఖర్చు కంచిలిది. ప్రపంచ చరిత్రలో ఉద్యోగస్తుడు యజమాని మీద గెలిచిన అరుదైన ఘట్టాల్లో అదొకటి. అదే ఏడాది మే నెలలో ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ దానికి విరుగుడు చెప్పేశాడు. ఇంటి నుంచి పని చేసుకోవచ్చు గానీ, చవక ఊరికి మారితే జీతం కూడా ఆ ఊరి లెక్కకే దిగుతుందని. ఆయన మన జెడ్ సర్క్యులరు చదివాడని చెప్పలేను. చదవకుండానే అంత బాగా అర్థమైందంటే పెద్దవాళ్ల ఆలోచనలు ఎక్కడైనా ఒకటే. చవక నగరం ఎంచుకునే తమ్ముళ్లకు నా సలహా: ఎంచుకోండి, ఎంచుకున్నట్టు ఎవరికీ చెప్పకండి.

పలాస ప్రాంతానికి ఎవరూ రారనుకుంటే పొరపాటు. జీడి పరిశ్రమకి స్థానికంగా పండే పిక్క చాలక ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు ఓడల్లో, లారీల్లో వస్తాయి. బస్తా 80 కిలోలు. కాశీబుగ్గలో ఉడికి, ఒలిపించుకుని, గ్రేడు సంపాదించుకుని దేశం మీదికి పోతాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వస్తాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో చెప్పుకుంటారు. చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, వేసవికి ఎగిరిపోతాయి. అడ్వాన్సు లేదు, అగ్రిమెంటు లేదు, పదకొండు నెలలకోసారి పెంపు లేదు. పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు గ్రామస్తులు. ఆఫ్రికా పిక్కకి పని దొరికిన చోట, ఎక్కడిదో పక్షికి చోటు దొరికిన చోట, కంచిలి బీటెక్‌కి దొరక్కపోవడానికి కారణం కిడ్నీ జబ్బు కారణం కన్నా సులువుగానే దొరుకుతుంది. దాని కోసం మాత్రం ఎవరూ సీసాలు పట్టుకుని రాలేదు.

అయినా నగరాన్ని ఎంచుకోవడం మావాళ్లకి కొత్త విద్యా? మా ముత్తాతల కాలంలో ర్యాంకుల పట్టికలు లేవు గానీ రంగం ఉండేది. రంగూన్ని ఈ తీరమంతా రంగం అనే అనేది. గోపాల్‌పూర్, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి వెళ్లి అక్కడి రేవుల్లో, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు. 1942లో జపాను వాళ్లు రంగం పట్టుకుంటే వేలాదిమంది అడవుల్లోంచి నడిచి వచ్చారు. ఆ తర్వాతా మా ఊళ్లు కుదురుగా కూర్చోలేదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు, టిటాగఢ్ జనపనార మిల్లులు, జంషెడ్‌పూర్ కొలుములు, ఇప్పుడు గల్ఫ్‌లో వెల్డింగు. అలా వెళ్లినవాళ్లలో ఎవరూ నగరాన్ని ఎంచుకోలేదు. ముందు వెళ్లిన బావని ఎంచుకున్నారు. బావ గదిలో చాప వేసుకోడానికి చోటుంటే అది నివాసయోగ్యమైన నగరం, బావ పెట్టిన అన్నానికి లెక్క రాయకపోతే అది చవక నగరం.

హైదరాబాదులో ఇప్పుడూ అదే సూచిక నడుస్తోంది. గచ్చిబౌలి టవర్లకు సెంట్రింగు కట్టిన చేతుల్లో శ్రీకాకుళం చేతులు తక్కువేం కావు. మావయ్య రేకుల షెడ్డులో ఉండి పైకి లేపిన పద్నాలుగో అంతస్తులో మేనల్లుడు ముగ్గురితో కలిసి అద్దెకుంటాడు. ఆదివారం మావయ్య చూడ్డానికొస్తే గేటు దగ్గర వాచ్‌మన్ యాప్‌లో అనుమతి అడుగుతాడు. వాచ్‌మన్‌ది టెక్కలి. మేనల్లుడు కిందికి దిగొస్తే ముగ్గురూ ఒకే యాసలో మాట్లాడుకుని, ఓటీపీ వచ్చేదాకా నిలబడతారు.

కాబట్టి తమ్ముళ్లారా, సూచికలు మూసేసి రైళ్ల వేళల పట్టిక తెరవండి. ఫలక్‌నుమా, విశాఖ, కోణార్క్ పలాసలో ఆగుతాయి గనక సికింద్రాబాదు మంచి నగరం. ప్రశాంతి ఆగుతుంది గనక బెంగళూరు కూడా ఫరవాలేదు, నీళ్ల సంగతి అమ్మకు చెప్పకుండా ఉంటే. 2024 నవంబరు నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గించింది. భోగికి ఊళ్లో దిగాలంటే జనవరి 12 బండి కావాలి, దానికి నవంబరు 13 పొద్దున్న ఎనిమిదింటికి కిటికీ తెరుస్తారు. ఏ నగరంలో ఉన్నా సరే, ఆ ఉదయం మాత్రం స్టాండప్ మీటింగుకి జ్వరమని చెప్పేయండి. ఎనిమిదీ రెండుకల్లా వెయిటింగ్ లిస్టు మొదలవుతుంది.