బూటు బిగిసింది

2024 ఎండాకాలం. మార్కాపురంలో మా వీధికి నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తుందో చెప్పగల జ్యోతిష్కుడు ఇంకా పుట్టలేదు. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి ఒక చెవి మీటింగుకి, రెండో చెవి హారన్‌కి అప్పగించి కూర్చునేవాణ్ణి. ఆ పూట ఉబుంటు అప్‌డేట్ సగంలో ఆగి, బూట్‌లో చోటు లేదంది.

"బూటు బిగిసిందంట బాబాయ్" అన్నాను, పేపరు కోసం వచ్చిన పక్కింటి హవల్దారు బాబాయితో.

"ఒక నంబరు పెద్దది తీసుకోరాదూ?"

ఆయనది గిద్దలూరు దగ్గర పల్లె. మిలిటరీకి మనుషుల్ని పంపడంలో ఆ పక్క ఊళ్ళకు పేరు. ఆయనకు తెలిసిన బూటు కాలికి తొడిగేదే. ఇది డిస్కులో ఓ మూల కొట్టు లాంటిదనీ, లినక్సు కెర్నల్ అందులో కాపురముంటుందనీ వివరించాను. నా కొట్టు 500 ఎంబీ. అప్‌డేట్ అయినప్పుడల్లా కొత్త కెర్నల్ దిగుతుంది. వీఎంలినజ్ అని ఒక ఫైలు, ఇనిట్‌ఆర్‌డీ అని ఇంకో లావుపాటి ఫైలు, రెండూ కలిసి 100 ఎంబీకి కాస్త అటూ ఇటూ. పాతవాటిని ఎవరూ పొమ్మనకపోతే అవి పోవు. అలా అయిదు పోగయ్యాయి. కంభం చెరువైతే నిండగానే అలుగు పారుతుంది. దీనికి అలుగు కట్టినవాడు లేడు.

"ఒక్క యూనిట్‌కి అయిదుగురు కల్నల్లా!"

"కెర్నల్, బాబాయ్."

"ఏదైతే ఏంలే. డ్యూటీలో ఉన్నవాణ్ణి ముట్టుకోబాక. ఇద్దరు ముగ్గుర్ని రిజర్వులో ఉంచుకో. మిగతావాళ్ళకు పింఛను రాసి పంపు."

కంప్యూటర్ పుస్తకాలు పేజీలకు పేజీలు రాసేది ఇదే. ఆప్ట్ ఆటోరిమూవ్ అని కొడితే అదే చూసుకునేది. నాకేమో చేత్తో చీపురు పట్టి ఊడ్చాలనిపించింది. ఎల్ఎస్ కొట్టి వరుస చూశాను. 5.15.0 పక్కన 100, 101, 91, 94, 97. పైనున్నవి పాతవని తీర్మానించాను. యూనేమ్ మైనస్ ఆర్ అని రెండు ముక్కలు కొడితే డ్యూటీలో ఎవరున్నారో చెప్పేది. కొట్టబోతుండగానే ట్యాంకర్ హారన్ మోగింది. ఆర్ఎంతో పై రెంటినీ లేపేసి బిందెలతో పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి కరెంటు లేదు. వచ్చాక సిస్టమ్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఒకటే మాట: 101 ఫైలు కనబడలేదు, ముందు కెర్నల్ లోడ్ చేయి.

అప్పుడు వెలిగింది. ఎల్ఎస్ వాటిని అంకెలుగా చదవదు, అక్షరాలుగా చదువుతుంది. 1 కంటే 9 పెద్దది కాబట్టి 91 కంటే 100 ముందు. 99 తర్వాత 100 అని నేను ఒకటో తరగతిలో మార్కాపురం పలక మీదే దిద్దాను. పాపం దానికి పలక కొనిచ్చినవాళ్ళు లేరు. దాని వరుస నమ్మి, పలక దిద్దినవాణ్ణి నేను బోల్తా పడ్డాను.

గ్రబ్ మెనూలో పాత కెర్నళ్ళ జాబితా తెరిచి 97 మీద ఎంటర్ కొట్టాను. లేచింది. అసలు తమాషా తర్వాత బయటపడింది. ఆర్ఎం ఫైలును చెరిపేస్తుందే గాని ప్యాకేజీల రిజిస్టరులో పేరు కొట్టేయదు. ఆప్ట్ లెక్కలో 100, 101 ఇద్దరూ ఇంకా హాజరే! 91, 94లను ఈసారి ఆప్ట్ చేతే పద్ధతిగా సాగనంపి, 101ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేసరికి మీటింగు కాస్తా అయిపోయింది.

సాయంత్రం బాబాయికి జరిగిందంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"వరసలో ముందు నిలబడినోడే సీనియరని ఎవరు చెప్పారు నీకు?"

నేను మాట్లాడలేదు.

"డ్యూటీలో ఉన్నోణ్ణి ఇంటికి పంపి, రిజర్వు వాడితో బండి లాగించావు. ఇంతకీ ఈ పనికి నీకు జీతం ఎవరిస్తన్నారప్పా?"