తల ఎత్తకుండా రాయండి

డీఎస్సీలో ఉద్యోగం కొట్టి, ఒకటో తరగతి చేతికొచ్చిన కొత్త టీచర్లకు అభినందనలు. పాఠం ఎలా చెప్పాలో ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు, మీరు మరిచిపోయే ఉంటారు. పిల్లల ప్రవర్తనను రికార్డులో ఎలా ఎక్కించాలో మాత్రం ఎవరూ సరిగా చెప్పరు. ముప్పై నాలుగేళ్లు ఆ పనే చేసి, ఒక్క మెమో కూడా అందుకోకుండా రిటైరైనవాణ్ని. నా మాట వినండి.

పిల్లవాణ్ని చూశాక రాద్దామని ఆగకండి. ఆరేళ్లవాడు ఒక్క పీరియడ్‌లో ఏడుస్తాడు, నవ్వుతాడు, పక్కవాడి పలక లాక్కుంటాడు, మళ్లీ వాడికే తన బలపం సగం విరిచి ఇస్తాడు. ఇదంతా చూస్తూ కూర్చుంటే ఏ గడిలో ఏం వేయాలో చచ్చినా తేలదు. జూన్‌లో, పాఠ్యపుస్తకాలు రాకముందే, హాజరుపట్టీ ముందేసుకోండి. ఇంటిపేర్లు చూడండి. అన్నలూ అక్కలూ ఎలా వెలగబెట్టారో గుర్తు తెచ్చుకోండి. పెన్సిల్‌తో గ్రేడ్లు వేసేయండి. మార్చిలో వాటి మీదే పెన్నుతో దిద్దుకుంటే పనైపోతుంది.

ఇక మాటలు. నా దగ్గర పదకొండు ఉండేవి: చురుకు, మందకొడి, మొండి, అల్లరి, బిడియం, వినయం, అలా. ముప్పై నాలుగేళ్లకూ అవే సరిపోయాయి, ఒకటి రెండు మిగిలాయి కూడా. ఏం చేశాడు, ఏమన్నాడు అని రాయబోతే మాత్రం చిక్కుల్లో పడతారు. ‘మొండి’ అంటే రెండే అక్షరాలు. అదే ‘మంగళవారం ప్రార్థన అయ్యాక లోపలికి రమ్మంటే గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు; చెప్పులు వీపు వెనక దాచుకున్నాడు; ఒకటి తెగి ఉంది’ అని రాయాలంటే మూడు వరుసలు. పైగా చెప్పు తెగిందని రాశాక మొండి అని రాయడానికి చెయ్యి రాదు.

ఇలా రాసి చెడిపోయినవాళ్లు లేకపోలేదు. ఇంగ్లండులో సూసన్ ఐజాక్స్ అని ఒకావిడ. 1924 నుంచి కేంబ్రిడ్జిలో మాల్టింగ్ హౌస్ అనే చిన్న బడి నడిపింది. పిల్లలు ఏం చేస్తే అది, ఏమంటే అది రోజూ రాసి పెట్టించి, 1930లో పుస్తకంగా అచ్చేసింది. అందులో ఒక కుందేలు సంగతి ఉంది. బళ్లో పెంచుకున్న కుందేలు చచ్చిపోతుంది. ఒక పిల్లాడు, పొట్ట పైకీ కిందికీ కదలడం లేదు గనక చచ్చిపోయిందంటాడు. ఇంకోడు, నీళ్లలో వేస్తే బతుకుతుందని మా నాన్న చెప్పాడంటాడు. వేసి చూస్తారు. చివరికి గొయ్యి తీసి పూడుస్తారు. మర్నాడు, అది ఆకాశంలోకి వెళ్లిపోయిందని కొందరికి నమ్మకం. తవ్వడం మొదలుపెడతారు, విసుగొచ్చి మానేస్తారు. అప్పుడు ఆ టీచరమ్మ ఏం చేయాలి? చెవి మెలేసి చేతులు కడిగించాలి. ఆవిడ, ఉందో లేదో చూద్దామా అని తానూ కూర్చుని తవ్విందట! కుందేలు అక్కడే ఉంది. పిల్లలు ఎంతో ఆసక్తిగా చూశారని రాసుకుంది.

చావు గురించి ఆ పసివాళ్ల బుర్రల్లో ఏం తిరుగుతోందో ఆ పేజీ చదివితే తెలుస్తుంది, కాదనను. కానీ ఆ రికార్డులో గ్రేడేదీ? మనమైతే ‘పరిశుభ్రత: సి’ అని ఒక్క అక్షరంతో తేల్చేసేవాళ్లం.

గడులు ఎక్కువగా ఉన్నాయని బెంబేలెత్తకండి. 1920లో థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఒక ఉపాయం బయటపెట్టాడు. సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు తెలివికీ, ఒడ్డూ పొడుగుకూ, నాయకత్వానికీ, నడవడికీ వేర్వేరుగా మార్కులు వేస్తే, అన్నీ ఒకే దారిన నడిచాయట. ఒక దాంట్లో బాగున్నవాడు అన్నింట్లోనూ బాగున్నట్టే కనిపించాడు. ఆయన దాన్ని పొరపాటు అన్నాడు. నేను సదుపాయం అంటాను. చొక్కా ఇస్త్రీ చేసి ఉందా లేదా చూసుకోండి. విలువలు, జీవన నైపుణ్యాలు, కళలు, ఆరోగ్యం, అన్ని గడులూ వాటంతటవే నిండుతాయి.

చట్టం మాట కూడా పూర్తిగా వినకూడదు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో పిల్లల అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని ఉంది. దాని పైనే ఉన్న అంశంలో పిల్లల్లో భయం, బెదురు, ఆందోళన లేకుండా చూడాలనీ ఉంది. రెండూ పక్కపక్కనే. మొదటిదానికి ఫారం ఉంది కాబట్టి పాటించాం. రెండోదానికి ఫారం రాలేదు.

నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అదే ఎఫ్ఏలో, ‘పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు’ అని పది మార్కులుండేవి. నోరు విప్పనివాడికి నాలుగు, విప్పినవాడికి ఎనిమిది. ప్రశ్న వేసినవాడికి ఆరు, ఎందుకంటే వాడు సిలబస్ ఆలస్యం చేస్తాడు.

ఒక్కసారి మాత్రం నా పద్ధతికి చిన్న దెబ్బ తగిలింది. దాచను.

మూడో తరగతిలో ఒక కుర్రాడు. ఒకటిలోనూ రెండులోనూ వాడి పేరు ఎదురుగా ‘మొండి, పిలిస్తే పలకడు’ అని ఉంది. సంచిత రికార్డు గొప్పతనం అదే కదా, పాతవాళ్లు రాసింది కొత్తవాళ్లు దించుకోవచ్చు. నేనూ దించాను. అలాగని ఊరికే దించలేదు, పిలిచి చూశాను కూడా. పలకలేదు. మూడుసార్లు పిలిచాక పక్కవాడు మోచేత్తో పొడిస్తే లేచి, తరగతంతా ఒకసారి చూసి, అందరితోపాటు తనూ నవ్వాడు. నవ్వాడని ‘నిర్లక్ష్యం’ కూడా చేర్చాను.

ఆ ఏడాది బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ల బండి వచ్చింది. 2013లో మొదలైన పథకం అది, పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్ని పరీక్ష చేస్తారు. డాక్టరమ్మ వాడి చెవిలో లైటు వేసి చూసింది. ఎడమ చెవి నిండా చీము. ఆ వైపు నుంచి పిలిస్తే వీడికి సరిగా వినపడి ఉండదు అంది. నా కుర్చీ వాడికి ఎడమ వైపే.

“పిలిస్తే పలకడం లేదని ఎవరూ గమనించలేదా మాస్టారూ?” అని అడిగింది.

గమనించకపోవడమేమిటి! బీరువా తీసి మూడేళ్ల రికార్డూ చూపించాను. ఏ ఏడుకా ఏడు, తేదీతో సహా ఉంది. ఆవిడ మూడు పేజీలూ చదివి, నా మొహంలోకి చూసి, ఏమీ అనకుండా పుస్తకం మూసి ఇచ్చేసింది. చేతిరాత నచ్చి ఉంటుంది.

చెవికి మందులు పడ్డాక వాణ్ని ముందు బెంచీలో కుడి చెవికి వినపడేలా కూర్చోబెట్టాం. ఇప్పుడు ఆగమన్నా ఆగడు, అంత మాట్లాడతాడు. రికార్డు దిద్దుదామా అనిపించింది గానీ, కొట్టివేతలుంటే తనిఖీలో అడుగుతారు. ‘మొండి’ అలాగే ఉంచాను. టీసీతోపాటు హైస్కూలుకు వెళ్లింది.

ఫోన్లొచ్చాక ఈ తరానికి రాసే బాధ కూడా తగ్గింది. మొదటి రోజు అమ్మ కొంగు పట్టుకుని గుక్కపట్టిన పిల్లను వీడియో తీయండి, వెనక సినిమా పాట పెట్టండి, స్టేటస్‌లో వేయండి. ఎక్కం మరిచిపోయి నీళ్లు నమిలేవాణ్ని తప్పక తీయండి, నవ్వొస్తుంది. వ్యక్తిగత డేటా మీద 2023లో ఒక చట్టం చేశారు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలట, పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల దాకా ఉందట. మన జీతాలు చూసినవాడెవడూ అంత అడగడు. ఆ పిల్ల పెళ్లీడుకొచ్చినా ఆ వీడియో ఎవరి ఫోన్లోనో ఉంటుంది. శాశ్వత రికార్డు అంటే అదీ.

మధ్యాహ్న భోజనం అయ్యాక వేపచెట్టు వైపు మాత్రం వెళ్లకండి. నేనొకసారి వెళ్లాను. పిల్లలు బడి ఆట ఆడుతున్నారు. నలుగురు కింద కూర్చున్నారు, ఒకడు రాయి మీద కూర్చుని టీచరయ్యాడు. అట్టముక్క మోకాలి మీద పెట్టుకుని పుల్లతో ఏదో గీకుతున్నాడు. ఎదురుగా ఒక పిల్ల చెయ్యెత్తి, “సార్, సార్, సార్” అంటోంది. వాడు తలెత్తడు. గీకుతూనే, “నీ పేరేంటమ్మా?” అన్నాడు.

గొంతు కూడా అచ్చం నాదే.