ఏ వంకాయ?

మా పిన్నికి ఎరుపు, పచ్చ, నీలం అనే రంగులు లేవు. అవి ట్రాఫిక్ పోలీసులకీ, మా బాబాయికీ. ఆవిడకున్నవి మిరపపండు, కనకాంబరం, ఉల్లిపొర, చిలకపచ్చ, మెంతి, గంధం, నేరేడు. పట్టుచీరల కొట్లో కూర్చుని ఆవిడ మాట్లాడుతుంటే పక్కవాళ్ళు కూరగాయల బేరమనుకుంటారు.

కొట్టు కుర్రాడు పాపం, "వంకాయ రంగమ్మా, కొత్త స్టాకు" అని ఒకటి పరుస్తాడు. "ఏ వంకాయ? నల్ల వంకాయా, గుత్తి వంకాయా?" అంటుంది. వాడు నీళ్ళు నములుతూ నెమలికంఠం తీస్తాడు. వెంటనే పిన్ని ఆ చీర పట్టుకుని గుమ్మం దాటుతుంది. ట్యూబులైట్ల సాక్ష్యం ఆవిడకి చెల్లదు. పల్లూ ఆవిడ చేతిలో, రెండో కొస వాడి చేతిలో. నడిరోడ్డు మీద ఎండలో ఇటు తిప్పి, అటు తిప్పి, "నెమలికంఠమైతే పడుగు నీలం, పేక ఆకుపచ్చ ఉండాలిరా అబ్బాయ్. కదిపితే రంగు మారాలి. ఇది ఎంత కదిపినా ఉలకదే? నెమలికి మెడ పట్టేసిందా?" అంటుంది.

ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి కోసం కంచిలో ముత్తు చెట్టియార్ తయారుచేసిన నీలాన్ని ఎవరైనా "నేవీ బ్లూ" అన్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే. "ఎమ్మెస్ బ్లూ" అనాలి. పిన్ని దగ్గర అదొకటుంది. చీరతో పాటు గొంతు కూడా ఇచ్చారని ఆవిడ నమ్మకం. అది కట్టిన రోజు బాబాయి పొద్దున్నే బ్యాంకు పనులు పెట్టుకుంటాడు. ఓసారి "పాలుం పళముం తెచ్చానండీ" అని లోపల్నించి కేకేస్తే, పాలూ పళ్ళూ అనుకుని పాపం ఆయన గిన్నె పట్టుకుని వచ్చాడు. అది గళ్ళ కంచిపట్టని తెలిసేసరికి ఖరీదు కూడా తెలిసింది.

చుట్టాలెవరూ ఆవిడకి పేర్లతో గుర్తుండరు. "ఆ రుద్రాక్షంచు ధర్మవరం ఆవిడకి మనవడు పుట్టాట్ట" అని కబురు చెబుతుంది. మా అక్క పెళ్ళి ఏ ఏడాదంటే ఇంట్లో అందరం తడుముకుంటాం. ఆ పెళ్ళిలో వియ్యపురాలికి పెట్టిన చీర అంచు తన చీర అంచుకంటే అంగుళం పెద్దదన్న సంగతి మాత్రం పిన్నికి నిన్న జరిగినట్టుంటుంది.

ఈ జబ్బు నాకూ అంటింది. మొన్న ఇంటికి సున్నాలేసే మేస్త్రీ రంగుల కార్డు చూపిస్తే, "ఇందులో గంధం ఏది, బిస్కట్ ఏది?" అంటూ దాన్ని పట్టుకుని వాకిట్లోకి నడిచాను. మా ఆవిడ మేస్త్రీ వైపు తిరిగి, "వాళ్ళ పిన్ని పోలిక" అంది.

ఇంతా చేసి పిన్ని ఎక్కువగా కట్టేది బాబాయి ఎవర్నీ అడక్కుండా గద్వాల నుంచి తెచ్చిన చీర. ఒళ్ళంతా నూలు, అంచూ పల్లూ పట్టు. నేతకి వంక లేదు. రంగే ఇటు బూడిదా కాదు, అటు బెల్లమూ కాదు. ఎండలో పెట్టి చూసింది, నీడలో పెట్టి చూసింది, పేరు దొరకలేదు. ఇప్పుడెవరైనా అడిగితే కాస్త సిగ్గుపడి, "ఇది మీ బాబాయి రంగు" అంటుంది. దానికి కలిసే జాకెట్టు ముక్క ఊళ్ళో ఏ కొట్లోనూ లేదు. వెతికే పని మాత్రం నాదే.