కేజీలు చెప్పిన పాపానికి

ఆ ఇంట్లో నన్ను తిట్టకుండా తెల్లవారిన రోజులు తక్కువ. "దిక్కుమాలిన మిషను", "దీని స్ప్రింగు సాగిపోనాది", "రాత్రి రెండు పుల్కాలే తిన్నాను, ఇదేటి ఇలా చూపిస్తంది?" తక్కువ తిన్న మనిషి ఎందుకు బరువెక్కుతుందో నన్నడిగితే నేనేం చెప్పను? నాకొచ్చిన భాష ఒకటే, కేజీ. అందులో నీరెంత, కొవ్వెంత, ఎముకెంత, దిగులెంత అని విడదీసే చదువు నాకు లేదు. ఆడలేక మద్దెల ఓడంది అని సరిపెట్టుకుందామంటే అదీ న్యాయం కాదు. ఆ ఇంటి కోడలు ఆడుతూనే ఉంది, మద్దెలా బాగానే ఉంది. మందగించింది వేరొకటి. మెడ ముందు భాగంలో, మహా అయితే పాతిక గ్రాములుండే థైరాయిడ్ గ్రంథి. నా అంకెల్లో పాతిక గ్రాములకు గీత కూడా లేదు. అంత చిన్నదాని నిర్వాకానికి ఇన్నేళ్ళూ మాటలు పడ్డది నేను.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఇనుప రేకు, లోపల నాలుగు మీటలు, ఒక స్ప్రింగు, అంకెల చక్రం, పైన నల్ల రబ్బరు పట్టా. విశాఖపట్నం రేవులో ఓడెక్కి మూడు రోజులు ఊగి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, మా ఇంట్లో ముసలాయన నోట ఇప్పటికీ పోర్ట్ బ్లెయిరే. ఆయనది సోంపేట వైపు. కుర్రతనంలో పని వెతుక్కుంటూ ఈ దీవులకు వచ్చి ఓడల మరమ్మతు పనిలో కుదిరి, హడ్డోలో ఇల్లు కట్టుకున్నారు. ఇలా వచ్చినవాళ్ళు వేలమంది. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. పిల్లలు వీధిలో హిందీ, ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, ఆంధ్రా వెళ్ళాల్సి వస్తే "మెయిన్‌ల్యాండ్ పోతన్నాం" అనడం.

నేను పని చేసిన కాలం మాత్రం చెప్పుకోదగ్గది. వీధిలో పుట్టిన పసివాళ్ళను తూచింది నేనే. తల్లి బిడ్డనెత్తుకుని ఒకసారి, దింపి ఒకసారి ఎక్కేది. మధ్య తేడా బిడ్డది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి సిప్పీఘాట్ పొలాలు ఉప్పునీటి పాలైనప్పుడు, అటునుంచి వచ్చి మా ఇంట్లో తలదాచుకున్న చుట్టాలకు బియ్యం, పప్పు ఎక్కువ తక్కువలు రాకుండా పంచింది నా మీదే. అప్పుడు నా మాటను ఒక్కరూ కాదనలేదు. బియ్యానికి నమ్మిన ముల్లు ఒంటికొచ్చేసరికి పనికిరాకుండా పోతుందా?

కోడలు ఈ ఇంటికి వచ్చినప్పుడు 58. బడిలో టీచరు. రెండో కాన్పు తర్వాత 66, ఆపైన 70, తర్వాత 74. పళ్ళెంలో అన్నం తగ్గుతోంది, నా ముల్లు జరుగుతోంది. ఇంకా కొన్ని విడ్డూరాలు కూడా నా కంటబడ్డాయి. మే నెల నుంచి డిసెంబరు దాకా వాన, వాన లేనప్పుడు ఉక్క, ఇదీ మా ఊరు. అందరూ ఫ్యాను కింద చెమటలు కక్కుతుంటే ఆవిడ దుప్పటి కప్పుకునేది. ఉతికిన బట్ట రెండు రోజులకు గాని ఆరని ఊళ్ళో ఆవిడ చర్మం పొడిబారి పొట్టు రాలేది. దువ్వెన నిండా జుట్టు. గొంతు బొంగురు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి గోడకు చేరబడితే లేవలేని నీరసం. "ఒళ్ళు వంచదు, అందుకే ఊరిపోతంది" అన్నారు అత్తగారు. తోటి టీచరమ్మ మాత్రం "రక్తం చూపించుకో" అంది. ఇంత మందిలో పనికొచ్చే మాట అన్నది ఆవిడొక్కతే.

రక్తంలో చూసింది టి.ఎస్.హెచ్. మెదడు అడుగున పిట్యూటరీ అని ఇంకో గ్రంథి ఉంటుంది. థైరాయిడ్ పని తగ్గిస్తే అది గట్టిగా కేకలు వేస్తుంది. ఆ కేకే టి.ఎస్.హెచ్. మామూలుగా 0.4 నుంచి 4 మధ్య ఉండాల్సింది, ఆవిడకు దానికి ఎన్నో రెట్లు. శరీరం కాపలాకు పెట్టుకున్న కణాలే సొంత థైరాయిడ్ మీద పడి దాన్ని పాడుచేస్తున్నాయట. 1912లో హకారు హషిమోతో అనే జపాను వైద్యుడు నలుగురు రోగుల గ్రంథుల్లో ఇది గమనించి రాశాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు.

అత్తగారు ఊరుకోలేదు. "సముద్రం మధ్యన కూకున్నాం, రోజూ సేపే తింటన్నాం, మనకి అయోడిన్ తక్కువేటి?" ఆవిడ అనుమానంలో తప్పేమీ లేదు. అయోడిన్ లేకపోతే థైరాయిడ్ పని చేయలేదన్నది నిజమే. ఆ సంగతి ఈ దేశానికి ఒప్పించిన డాక్టరు ఆవిడ జిల్లా ఆయనే. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. 1956లో మొదలుపెట్టి హిమాలయాల కింద కాంగ్రా లోయను మూడు ప్రాంతాలుగా విడగొట్టి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి ఉత్త ఉప్పు పంపించి, గొంతువాపు ఎక్కడ తగ్గుతుందో లెక్కతో సహా చూపించారు. 1962లో ప్రభుత్వం గొంతువాపు నివారణ కార్యక్రమం పెట్టింది. అయితే కోడలికి వచ్చింది ఆ జబ్బు కాదు. హషిమోతో రకానికి ఉప్పూ చేపా మందు కావు. పైగా ఎవరో తెచ్చిచ్చిన సముద్రపు నాచు బిళ్ళలు మింగితే అయోడిన్ అతిగా చేరి గ్రంథి ఇంకా మొరాయించవచ్చు. సముద్రం పక్కనున్నంత మాత్రాన తప్పించుకోలేమని 2013లో వచ్చిన ఎనిమిది నగరాల పరిశీలన కూడా చెప్పింది. మొత్తం మీద నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ తక్కువ. హైదరాబాదు లాంటి లోపలి ఊళ్ళలో 11.7, చెన్నై, ముంబయి, గోవా లాంటి తీరపు ఊళ్ళలో 9.5.

ఇక డాక్టరు రాసిన మాత్ర. దాన్ని చూసి నాకు ఒళ్ళు మండింది. మొదట ఇచ్చింది 50 మైక్రోగ్రాములది. అంటే గ్రాములో ఇరవై వేలో వంతు. అలాంటివి డబ్బాల కొద్దీ నా మీద పోసినా అందులోని మందుకు నా ముల్లు కదలదు. అదేమో 74 కేజీల మనిషిని నిద్రలేపింది! 1891లో జార్జి మర్రే అనే ఇంగ్లీషు డాక్టరు గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదితో ఎక్కించి ఒకావిణ్ణి బతికించాడు. ఆవిడ ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు జీవించింది. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో కెండాల్ ఆ రసంలోని అసలు పదార్థాన్ని, థైరాక్సిన్‌ను, విడదీశాడు. ఇప్పుడు దాన్నే గొర్రెలతో పని లేకుండా తయారు చేసి ఈ మాత్రలో పెడుతున్నారు. ఒక్క సంగతి నాకు ఊరట. పెద్దవాళ్ళకు పూర్తి మోతాదు ఎంతో అంచనా కట్టడానికి డాక్టర్లు ముందు బరువడుగుతారు, కేజీకి సుమారు 1.6 మైక్రోగ్రాములని. నేను చెప్పిన అంకె లేనిదే ఆ లెక్క మొదలవదు.

మాత్ర మొదలైన కొన్ని వారాలకు ముల్లు వెనక్కి నడిచింది. 74, 73, 71. ఇల్లంతా సంబరం. ఆవిడ నన్ను గుడ్డతో తుడిచింది కూడా. ఆ తర్వాత ముల్లు ఆగిపోయింది. మళ్ళీ తిట్లు.

ఇక్కడ ఆవిడకు ఎవరూ సరిగ్గా చెప్పని మాట ఒకటుంది. డాక్టరు చెప్పినా చెవికెక్కలేదేమో. థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కేజీలు. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. మాత్ర సరిపడితే ఆ వాటా దిగిపోతుంది. మిగతాది కాన్పులది, కొబ్బరి పులుసులది, కూర్చుని దిద్దిన పరీక్ష పేపర్లది. దాన్ని మాత్ర కరిగించదు. అయితే మాత్ర లేకపోతే ఆ మనిషికి నడిచే ఓపికే రాదు. ఈ రెండూ కలిపి చెప్పేవాళ్ళు లేక ఆవిడ ఒకరోజు "అంతా థైరాయిడే" అని ఏడ్చేది, ఇంకోరోజు "అంతా నా తిండే" అని పస్తుండేది.

ఆ తర్వాత పరీక్షలో టి.ఎస్.హెచ్. మళ్ళీ పైకెక్కింది. కారణం నాకు ముందే తెలుసు, నన్ను పెట్టింది వంటింటి గుమ్మం దగ్గరే కదా. పొద్దున మాత్ర, వెంటనే ఫిల్టరు కాఫీ, దాని వెంట కాన్పప్పటి నుంచి వాడుతున్న కాల్షియం, ఐరన్ బిళ్ళలు. కాఫీ మాత్రను ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం, ఐరన్ అయితే పేగులోనే దాన్ని పట్టేసుకుంటాయి, వాటికి నాలుగు గంటల ఎడం కావాలి. మాత్ర సీసా మూత తీసే ఉండేది, స్టవ్వు పక్క కిటికీలో. వేడికీ వెలుతురుకీ తేమకీ ఆ మందు పాడవుతుంది. మా ఊళ్ళో తేమకు కొదవా? అది నా స్ప్రింగునే తిన్నది.

పక్కింటి పిన్ని ఒకావిడ "రెండేసి మింగు, ఇట్టే సన్నబడతావు" అని సలహా ఇచ్చింది. అదృష్టం, కోడలు వినలేదు. ఎక్కువైతే గుండె దడదడలాడుతుంది, ఏళ్ళ తరబడి అయితే ఎముకలు గుల్లవుతాయి. సన్నబడటానికి థైరాయిడ్ మాత్ర వాడకూడదని మందు కాగితం మీదే హెచ్చరిక ఉంటుంది. ఇంకొకరు క్యాబేజీ మానమన్నారు. అది మానడం ఎవరికీ కష్టం కాలేదు. క్యాబేజీ మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో వస్తుంది, తుఫానుకు ఓడ ఆగితే దాని ధర వినేవాడే ఉండడు. వండిన క్యాబేజీ మామూలుగా తింటే థైరాయిడ్‌కు వచ్చే ముప్పేమీ లేదని తర్వాత తెలిసింది.

చివరికి కుదిరిన పద్ధతికి మా ఊరి సూర్యుడే సాయం చేశాడు. దేశమంతటికీ ఒకే గడియారం కావడంతో తూర్పున ఉన్న మాకు అయిదింటికే వెలుతురొస్తుంది. లేచి మాత్ర, గ్లాసుడు నీళ్ళు, మెరీనా పార్కులో సముద్రం పక్కన నడక. తిరిగొచ్చేసరికి గంట దాటుతుంది, అప్పుడు కాఫీ. ఐరన్, కాల్షియం భోజనాల వైపుకి పోయాయి. వేపుడు చేప పులుసు చేప అయింది, రాత్రి అన్నం సగమైంది. ఇంట్లో నీళ్ళ బిందెలు ఆవిడే ఎత్తడం మొదలుపెట్టింది, కండ నిలవాలని. మోతాదు మార్చినప్పుడల్లా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి గాని రక్తం చూడరు, ఆ మందు ఒంట్లో సగం తరగడానికే వారం పడుతుంది. అంత నిదానం మందును ఓర్చుకున్న మనిషి నన్ను మాత్రం పొద్దున ఒకసారి, బడి నుంచి వచ్చి ఒకసారి, స్నానం చేసి తడికాళ్ళతో ఒకసారి ఎక్కేది. గ్లాసు నీళ్ళకే పావు కేజీ మారే శరీరం అది! నెలసరికి ముందు ఒకటిన్నర పెరిగితే నా మీద కేసు. వారానికోసారి, ఒకే పూట చూసుకోమని డాక్టరు చెప్పాక గాని నాకు విశ్రాంతి దొరకలేదు. ఏడాది దాటాక ఆవిడ 66 దగ్గర ఆగింది. కోరింది 58. రక్తం బాగుంది, మెట్లెక్కితే ఆయాసం లేదు, దుప్పటి అటకెక్కింది. అయినా ఆ ఎనిమిది కేజీల బాకీ ఎవరి ఖాతాలో? నాదే.

ఒకరోజు కొరియర్లో గాజుపలక వచ్చింది. పలచన, పాదం పెడితే వెలుగు. ఫోనుతో మాట్లాడుతుందట, కొవ్వు శాతం చెబుతుందట. పాదాల గుండా సన్నటి కరెంటు పంపి, ఒంట్లో నీటిని బట్టి ఊహించి చెప్పేదే తప్ప కొవ్వును అది చూసింది లేదు. థైరాయిడ్ వల్ల నీటి లెక్కే తారుమారయ్యే మనిషి దగ్గర దాని ఊహకెంత విలువో! ఎవరూ నన్నడగలేదు. నా సున్నా తప్పితే సరిచేయడానికి పక్కనే చిన్న చక్రం ఉంది. దాన్ని తిప్పిన చెయ్యి లేదు, గోనెపట్టా మీద పెట్టి తూచినన్నాళ్ళూ తప్పు చూపించానని మాత్రం వాళ్ళకు గుర్తు. నన్ను కొన్నాళ్ళు మంచం కిందకు తోశారు. అక్కణ్ణుంచి తలుపుకు అడ్డు. తర్వాత వరండాలో క్రోటన్ కుండీ కింద పీట.

వరండాలో ఉప్పుగాలి పని మొదలుపెట్టింది. రబ్బరు పట్టా అంచులు లేచాయి. అంకెల మీద గాజు లోపల ఆవిరి పట్టి నా ముఖం నాకే కనిపించదు. కుండీకి పోసిన నీళ్ళు నా మీదుగా కారి మీటల్లో ఇంకేవి. వానాకాలం రాత్రి ఆఫ్రికా నత్తలు ఎక్కేవి. జపాను వాళ్ళు ఈ దీవులను ఏలిన 1942-45లో దిగాయంటారు వాటిని. పిడికెడంత ఉంటాయి. నా మీద తీరిగ్గా పాకి, ఆకు తిని, అంకె చూడకుండా దిగిపోయేవి. ఇన్నేళ్ళలో నన్ను తిట్టకుండా ఎక్కి దిగినవి అవే. కుండీ బరువును పగలూ రాత్రీ మోస్తూ అదే అంకె చూపిస్తూ ఉన్నాను, చూసేవాడు లేడు. కబాడీ వాడు వచ్చి తిప్పి చూసి, "తుప్పు, ఏమీ రాదు" అని అక్కడే వదిలేశాడు. బతికిపోయానో, చచ్చిపోయానో తెలియలేదు.

ఈ మధ్య ఇంట్లో వాళ్ళు సోంపేటలో పెళ్ళికి బయల్దేరారు. చెన్నై విమానం, మనిషికి 15 కేజీలు. గాజుపలక సెల్లు అయిపోయింది. ముసలాయన, కోడలి మావయ్యగారు, వరండాలోకి వచ్చి, కుండీ దింపి, నన్ను చదునైన నేల మీద పెట్టి, చొక్కా కొసతో గాజు తుడిచి, చిన్న చక్రం తిప్పి సున్నాకు తెచ్చారు. సూట్‌కేసు పెట్టారు. 18 అన్నాను.

"తాతా, అది తుప్పు పట్టిన మిషను, దాని మాటేంటి?" అన్నాడు మనవడు. ఎండుచేపల పొట్లం తీయమన్నారు ఆయన. కోడలు నా వైపు ఒకసారి చూసి "18 ఉంటే ఉండొచ్చు" అంది. ఎవరూ తీయలేదు. ఎయిర్‌పోర్టులో ఉక్కు మిషను మీద కూడా 18 అనే వచ్చిందట, మూడు కేజీలకు డబ్బు కట్టించుకున్నారట. తిరిగొచ్చిన రోజు మావయ్యగారు ఆ సంగతి అందరి ముందూ రెండుసార్లు చెప్పారు. ఎవరూ మాట్లాడలేదు. మనవడు కుండీ తెచ్చి మళ్ళీ నా మీద పెట్టాడు, ఈసారి కాస్త పెద్దది.